కంపెనీల లింక్డ్‌ఇన్ పేజీల ద్వారా జర్మనీని ఊరూరా చూడటం ఎలా?

"ఎమ్మెస్‌కు జర్మనీ వెళ్లాలనుకుంటున్నాను, ఏ ఊరైతే మంచిది?" "మా అబ్బాయిది మెకానికల్, అతని చదువుకు తగ్గ కంపెనీలు అక్కడ ఎక్కడున్నాయి?" అడ్మిషన్ల కాలం వస్తే చాలు, ఈ రెండు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక జాబితా రాసి చేతిలో పెట్టడం సులభమే. కానీ ఆ జాబితాలో ఉండేవి బీఎండబ్ల్యూ, సీమెన్స్, ఎస్ఏపీ వంటి అందరూ ఎరిగిన పేర్లే. వాటికి ప్రపంచమంతా దరఖాస్తు చేస్తుంది.

జర్మనీలో పరిశ్రమంతా రాజధానిలో పోగుపడి లేదు. ఎస్ఏపీ ప్రధాన కార్యాలయం వాల్‌డార్ఫ్ అనే చిన్న పట్టణంలో ఉంది. లేజర్ యంత్రాలు చేసే ట్రంఫ్ స్టుట్‌గార్ట్ పక్కనున్న డిట్సింగెన్‌లో ఉంది. స్క్రూలు, బోల్టులు అమ్మి ప్రపంచమంతా విస్తరించిన వూర్ట్ ఉండేది క్యూన్సెల్సావు అనే ఇంకా చిన్న ఊళ్లో. అడీడాస్, ప్యూమా, బేరింగుల కంపెనీ షెఫ్లర్ మూడింటికీ ఇల్లు హెర్ట్‌సోగెన్‌ఆరాహ్ అనే ఒకే పట్టణం. అందుకే కంపెనీ పేరుతో కాకుండా ఊరి పేరుతో వెతకడం మొదలుపెట్టండి. ఈ పద్ధతికి మూలం అదే. ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు.

కావలసినవి

ఉచిత లింక్డ్‌ఇన్ ఖాతా చాలు, డబ్బు కట్టే ప్రీమియం అవసరం లేదు. ఫోనుకంటే కంప్యూటర్‌లో చూడటం మేలు, ఫిల్టర్లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పక్కన జర్మనీ మ్యాపు తెరిచి పెట్టుకోండి. బ్రౌజర్‌లో పేజీని అనువదించే సదుపాయం ఆన్ చేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం ఒక ఎక్సెల్ షీటు. అందులో ఈ గడులు పెట్టండి: ఊరు, రాష్ట్రం, కంపెనీ, తయారు చేసేది, ప్రధాన కార్యాలయమా శాఖా, పుట్టిన సంవత్సరం, ఉద్యోగుల సంఖ్య, ప్రకటనల భాష, చివరి పోస్టు తేదీ, బయట సరిచూశానా. చివరి గడిని మాత్రం తీసేయకండి, దాని సంగతి ఏడో మెట్టులో వస్తుంది. షీటు లేకుండా తిరిగితే మర్నాటికి ఏ కంపెనీ ఏ ఊరిదో కలగాపులగం అవుతుంది.

జర్మన్ భాష రాకపోయినా ఈ పని చేయవచ్చు. ఉద్యోగానికి అది ఎంత అవసరమో మాత్రం ఈ పనిలోనే మీకు తెలుస్తుంది.

మెట్టు 1: ఖాతాను సిద్ధం చేసుకోండి

మీరు ఎవరి ప్రొఫైల్ చూస్తే వారికి మీ పేరు కనిపించవచ్చు. తొలి విడతలో వరుసగా చాలామంది ప్రొఫైళ్లు తెరుస్తారు కాబట్టి, సెట్టింగ్స్‌లో ప్రొఫైల్ వీక్షణను ప్రైవేటుగా మార్చుకోండి. తరువాత ఎవరినైనా పలకరించాలనుకున్నప్పుడు మళ్లీ మామూలుగా మార్చండి.

హెచ్చరిక: ఉచిత ఖాతాతో ఒకే నెలలో అతిగా వెతికితే లింక్డ్‌ఇన్ పరిమితి విధిస్తుంది. అది మరుసటి నెల ఒకటో తేదీన తొలగుతుంది. కాబట్టి ఒక సాయంత్రానికి ఒక ఊరు చొప్పున పెట్టుకోండి.

మెట్టు 2: మీ చదువును బట్టి ఊళ్లు ఎంచుకోండి

జర్మనీలో 16 రాష్ట్రాలు ఉన్నాయి. అన్నీ చూడాలని కూర్చుంటే ఏదీ చూడలేరు. మీ రంగానికి తగిన ఊళ్లను నాలుగైదు తీసుకోండి.

వాహనాల వైపు వెళ్లేవారు స్టుట్‌గార్ట్, వోల్ఫ్స్‌బుర్గ్, ఇంగోల్‌స్టాట్, మ్యూనిక్ చూడాలి. మొదటిది మెర్సిడెస్, పోర్షే, బాష్ ప్రాంతం. రెండోది ఫోక్స్‌వాగన్ ఊరు, మూడోది ఆడీ ఊరు. గేర్‌బాక్సులు చేసే జడ్‌ఎఫ్ కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున ఫ్రీడ్రిహ్స్‌హాఫెన్‌లో ఉంది. దానికి హైదరాబాద్‌లోనూ సాంకేతిక కేంద్రం ఉంది కనుక అక్కడ పనిచేసే మనవాళ్లను అడిగే దారి కూడా మీకు ఉంటుంది.

చిప్‌ల వారికి డ్రెస్డెన్. రసాయనాల వారికి బీఏఎస్ఎఫ్ ఉన్న లూడ్విగ్స్‌హాఫెన్, బేయర్ ఉన్న లేవర్‌కూజెన్. శస్త్రచికిత్స పరికరాలకు టుట్‌లింగెన్, స్కానింగ్ యంత్రాలకు ఎర్లాంగెన్. విమానాలు, ఓడలు హాంబుర్గ్. బ్యాంకులు ఫ్రాంక్‌ఫర్ట్. కొత్తగా పుట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కువగా బెర్లిన్, మ్యూనిక్. కటకాలు, గాజు, కాంతి పరికరాలైతే యేనా. ఈ ఊరిని నాలుగో మెట్టులో దగ్గరగా చూద్దాం.

మెట్టు 3: ఊరి పేరుతో కంపెనీలను వెతకండి

సెర్చ్ పెట్టెలో మీ రంగానికి చెందిన మాట ఒకటి ఇచ్చి, ఫలితాల్లో కంపెనీల విభాగం ఎంచుకోండి. స్థలం ఫిల్టర్‌లో ఊరి పేరు, పరిశ్రమ ఫిల్టర్‌లో మీ రంగం, కంపెనీ పరిమాణంలో 51 నుంచి 200, 201 నుంచి 500, 501 నుంచి 1000 అనే వరుసలు పెట్టండి. పదివేలకు పైబడిన వరుసను కావాలనే వదిలేయండి. ఆ పేర్లు మీకు ముందే తెలుసు.

చాలామంది తప్పేది ఇక్కడే. జర్మన్ ఊళ్ల పేర్లకు ఒక్కోదానికి రెండు మూడు రాతలు ఉంటాయి. ఇంగ్లిషులో కొలోన్ అనేది జర్మన్‌లో క్యోల్న్, మ్యూనిక్ అనేది మ్యూన్‌షెన్. చుక్కలున్న అక్షరాలను కొందరు చుక్కలతోనే రాస్తారు, కొందరు చుక్కలు తీసేసి పక్కన ఇంగ్లిషు 'e' అక్షరం చేర్చి రాస్తారు. ఒక రాతతో ఏమీ దొరకకపోతే రెండోదానితో వెతకండి. ఇంకో చిక్కు: ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండు. బ్యాంకుల నగరం మైన్ నది ఒడ్డున ఉంది, రెండోది పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఉంది. అలాగే ఫ్రైబుర్గ్, ఫ్రైబెర్గ్ వేరువేరు ఊళ్లు. మొదటిది నైరుతి మూల బ్లాక్ ఫారెస్ట్ పక్కన, రెండోది తూర్పున డ్రెస్డెన్‌కు దగ్గర్లో గనుల విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. షీటులో రాష్ట్రం గడి పెట్టమన్నది అందుకే.

మెట్టు 4: 'అబౌట్' విభాగాన్ని నింపాదిగా చదవండి

కంపెనీ పేజీలో అందరూ ముందు పోస్టులకు వెళ్తారు. మీరు 'అబౌట్' తెరవండి. అక్కడ వెబ్‌సైటు, పరిశ్రమ, పరిమాణం, ప్రధాన కార్యాలయం, పుట్టిన సంవత్సరం, శాఖల చిరునామాలు ఉంటాయి. ఈ నాలుగైదు వరుసల్లోనే దేశ చరిత్ర బయటపడుతుంది.

జైస్ పేజీనే తీసుకోండి. 1846లో పుట్టిన కంపెనీ. ప్రధాన కార్యాలయం దేశానికి దక్షిణాన ఉన్న ఓబర్‌కోహెన్. కానీ కార్ల్ జైస్ తన కార్ఖానా పెట్టింది తూర్పున, యేనా పట్టణంలో. భౌతికశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబే, గాజు నిపుణుడు ఒట్టో షోట్ అతనితో కలిశాక ఆ ఊరు సూక్ష్మదర్శినులకు పేరుపడింది. 1945లో అమెరికా సైన్యం ఆ ప్రాంతాన్ని సోవియట్లకు అప్పగించే ముందు, కంపెనీ నిపుణులను తనతో పశ్చిమానికి తీసుకుపోయింది. వారితో ఓబర్‌కోహెన్‌లో కొత్త జైస్ మొదలైంది. యేనాలో మిగిలింది తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థ అయింది. 1990లో దేశం ఒకటయ్యాక రెండు జైస్‌లూ మళ్లీ కలిశాయి. యేనా సంస్థలో ఇంకో భాగం యేనాప్టిక్‌గా నిలబడింది. షోట్ గాజు కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా అలాగే మైంట్స్ నగరానికి చేరింది.

ఇప్పుడు ఈ కంపెనీల ఊళ్లను మ్యాపులో గుర్తు పెట్టండి: ఓబర్‌కోహెన్, యేనా, మైంట్స్. మూడు చుక్కలు, వెనుక ఒకే ఊరి కథ. అత్యాధునిక చిప్‌లు ముద్రించే డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్ యంత్రాలకు అద్దాలు వెళ్లేది ఓబర్‌కోహెన్ నుంచే. ఆప్టిక్స్ చదివే విద్యార్థి బెర్లిన్ గురించి ఆలోచించే ముందు ఈ మూడు ఊళ్లనూ చూసి తీరాలని నా అభిప్రాయం.

పేజీలో ఏం రాసుకోవాలంటే: ప్రధాన కార్యాలయం ఎక్కడ, పుట్టింది ఎక్కడ, ఈ రెండూ వేరైతే ఎందుకు వేరు. పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఎక్కువ భాగం పశ్చిమ, దక్షిణ ప్రాంతాల్లోనే ఎందుకున్నాయన్నది కూడా పది పేజీలు చూసేసరికి మీకే అర్థమవుతుంది.

మెట్టు 5: పోస్టులను కాలాన్ని బట్టి చదవండి

కంపెనీ తనను తాను పొగుడుకునే పోస్టులను దాటేయండి. కాలానికి కట్టుబడి వచ్చే పోస్టుల కోసం చూడండి.

ఆగస్టు, సెప్టెంబరు నెలలకు వెళ్లండి. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పదహారు పదిహేడేళ్ల పిల్లలు ఫ్యాక్టరీ గేటు ముందు వరుసగా నిలబడిన ఫోటోలు కనిపిస్తాయి. వారు ఔస్‌బిల్డుంగ్‌లో చేరినవారు, అంటే వారంలో కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో చదువుతూ మిగతా రోజులు కంపెనీలో జీతానికి పని నేర్చుకునేవారు. ఆ ఫోటో ఏటా వస్తుంటే కంపెనీ ఆ ఊళ్లో మనుషులను తయారు చేసుకుంటోందని అర్థం. ఒక ఏడాది వచ్చి ఆ తరువాత ఆగిపోతే ఆ విషయం షీటులో రాయండి.

ఏప్రిల్ ప్రాంతంలో హానోవర్ పారిశ్రామిక ప్రదర్శన పోస్టులు, నవంబరులో డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగే వైద్య పరికరాల ప్రదర్శన మెడికా పోస్టులు చూడండి. వాటిలో హాలు నంబరు, స్టాండు నంబరు ఇస్తారు. కంపెనీ ఆ ఏడాది ఏ సరుకును ముందుకు తెస్తోందో స్టాండు ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది.

డ్రెస్డెన్ వంటి చోట ఒకే సంఘటనను పలు పేజీల్లో చూడవచ్చు. 2024 ఆగస్టులో అక్కడ తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ, బాష్, ఇన్ఫినియాన్, ఎన్‌ఎక్స్‌పీ కలిసి పెట్టే చిప్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఆ నెల పోస్టులను ఈ కంపెనీల పేజీల్లో పక్కపక్కన చదవండి. ఎవరు దేన్ని ఎత్తిచూపారో గమనిస్తే ఆ భాగస్వామ్యంలో ఎవరికి ఏం కావాలో తెలుస్తుంది.

మెట్టు 6: ఉద్యోగులను, ఉద్యోగ ప్రకటనలను చూడండి

'పీపుల్' విభాగంలో ఉద్యోగులు ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ చదివారు, ఏ పని చేస్తున్నారు అన్న లెక్కలు కనిపిస్తాయి. స్థలాన్ని జర్మనీకి కుదించి, చదివిన చోటు చూడండి. ఒక చిన్న కంపెనీలో ఎక్కువమంది దగ్గర్లోని ఒకే కళాశాల నుంచి వచ్చినట్లు తేలితే, ఆ కళాశాల పేరు ఎర్రక్షరాలతో రాసుకోండి. ఈ మొత్తం పనిలో ఇంతకంటే విలువైన సమాచారం మరొకటి దొరకదు.

హెచ్చరిక: 'పీపుల్' విభాగంలో కనిపించే అంకె కంపెనీ ఉద్యోగుల అసలు సంఖ్య కాదు. తమ ప్రొఫైల్‌లో కంపెనీ పేరు పెట్టుకున్నవారి సంఖ్య మాత్రమే. ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర పనిచేసేవారిలో చాలామందికి లింక్డ్‌ఇన్ ఖాతా ఉండదు. బాష్ వంటి కంపెనీల్లో దేశం ఫిల్టర్ పెట్టకపోతే భారతీయ ఉద్యోగులూ అందులో కలిసిపోతారు.

'జాబ్స్' విభాగంలో ప్రకటన ఏ భాషలో ఉందో చూడండి. ఇంగ్లిషులో రాసినంత మాత్రాన పని ఇంగ్లిషులో జరుగుతుందని కాదు, చివరి వరుసల్లో జర్మన్ బీ2 లేదా సీ1 స్థాయి, అంటే భాషలో గట్టి పట్టు, కావాలని ఉండవచ్చు. ఒక ఊరి నుంచి ఇరవై ప్రకటనలు తీసుకుని, వాటిలో ఎన్ని జర్మన్ అడిగాయో లెక్కపెట్టండి. ఉద్యోగం పేరు చివర కుండలీకరణాల్లో కనిపించే మూడు అక్షరాలు పురుషులు, స్త్రీలు, ఇతరులు ఎవరైనా దరఖాస్తు చేయవచ్చని చెప్పడానికే, వాటికి కంగారు పడకండి.

విద్యార్థులు వెతకవలసిన మాట వెర్క్‌ష్టుడెంట్, అంటే చదువుకుంటూ కంపెనీలో కొన్ని గంటలు చేసే పని. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చిన విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చని 2024 మార్చి నుంచి నిబంధన. ఈ ప్రకటనలు ఒక్కటీ లేని ఊరు చదువుకు బాగున్నా చేతిఖర్చుకు కష్టం.

మెట్టు 7: లింక్డ్‌ఇన్ బయట సరిచూడండి

దయచేసి ఈ మెట్టును దాటేయకండి. కంపెనీ పేజీ అంటే కంపెనీ తన గురించి తాను రాసుకున్నది. నకిలీ పేజీలు కూడా ఉన్నాయి, వాటి పేరుతో మన పిల్లల దగ్గర డబ్బు గుంజేవారూ ఉన్నారు.

మొదట కంపెనీ వెబ్‌సైటు అడుగున ఇంప్రెస్సుమ్ అనే లింకు వెతకండి. జర్మనీలో వ్యాపార వెబ్‌సైటుకు అది చట్టం ప్రకారం తప్పనిసరి. చిరునామా, బాధ్యుల పేర్లు, ఏ కోర్టు రిజిస్టరులో ఏ నంబరుతో నమోదైందో అందులో ఉంటాయి. ఆ పేజీ లేని జర్మన్ కంపెనీని అనుమానించండి.

తరువాత ఆ నంబరును హాండెల్స్‌రెగిస్టర్ అనే ప్రభుత్వ వాణిజ్య రిజిస్టరు వెబ్‌సైటులో వెతకండి. 2022 ఆగస్టు 1 నుంచి అక్కడి వివరాలు ఉచితం. కంపెనీ పేరు, ఊరు, నంబరు మూడూ కలవాలి. పేరు చివర జీఎంబీహెచ్ అని ఉంటే అది కనీసం 25,000 యూరోల మూలధనంతో పెట్టిన పరిమిత బాధ్యత సంస్థ. యూజీ అని ఉంటే ఒక్క యూరోతోనైనా పెట్టి ఉండవచ్చు. యూజీ అయితే మోసమని కాదు, కానీ వెయ్యిమంది ఉద్యోగులున్నట్లు పేజీలో చెప్పుకుంటే నమ్మకండి.

మూడోది వార్తలు. ఊరి పేరు, కంపెనీ పేరు ఇచ్చి ష్టెల్లెన్‌అబ్బావు, అంటే ఉద్యోగాల కోత అన్న మాటతో వెతకండి. ఫోక్స్‌వాగన్ 2030 నాటికి జర్మనీలో 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించేందుకు 2024 డిసెంబరులో కార్మిక సంఘంతో ఒప్పందం చేసుకుంది. జడ్‌ఎఫ్ కూడా అదే ఏడాది పెద్ద కోత ప్రకటించింది. వాహన రంగం ఎంచుకునేవారు ఆ ఊళ్ల పేర్ల పక్కన ఈ సంగతి రాసుకోవాలి. పేజీలోని నవ్వుల ఫోటోల్లో అది కనిపించదు.

నాలుగోది గట్టి నియమం: ఇంటర్వ్యూకు, వీసాకు, ఒప్పంద పత్రానికి అని డబ్బు అడిగినవారితో అక్కడికక్కడే మాటలు ఆపేయండి. వాట్సాప్‌లో మాత్రమే మాట్లాడే 'హెచ్‌ఆర్' విషయంలోనూ అంతే.

లింక్డ్‌ఇన్‌లో దొరకకపోతే

కుటుంబాలు నడిపే చాలా చిన్న కంపెనీలకు పేజీ ఉండదు, ఉన్నా ఎండిపోయి ఉంటుంది. అలాంటివి క్సింగ్‌లో వెతకండి. 2003లో హాంబుర్గ్‌లో పుట్టిన ఆ వేదికను ప్రధానంగా జర్మన్ మాట్లాడే దేశాల్లోనే వాడతారు. ఉద్యోగులు కంపెనీ గురించి ఏమనుకుంటున్నారో చదవడానికి కునును ఉంది. ప్రదర్శనల వెబ్‌సైట్లలో ఉండే కంపెనీల జాబితా ఇంకా మంచి దారి. మెడికా జాబితాలో టుట్‌లింగెన్ అని వెతికితే, లింక్డ్‌ఇన్‌లో ఎన్నడూ కనపడని కత్తెరలు, పట్టకార్ల తయారీదారులు బయటపడతారు.

తరచూ జరిగే పొరపాట్లు

ఫాలోవర్ల సంఖ్య చూసి కంపెనీని తూచడం మొదటిది. వినియోగదారులకు నేరుగా వస్తువులు అమ్మే కంపెనీకి ఫాలోవర్లు లక్షల్లో ఉంటారు, ఇతర ఫ్యాక్టరీలకు యంత్రభాగాలు చేసిపెట్టే కంపెనీకి వేలు కూడా ఉండకపోవచ్చు. మీకు ఉద్యోగం దొరికే అవకాశం రెండోదానిలోనే ఎక్కువ.

పాత ఉద్యోగ ప్రకటనలను కొత్తవనుకోవడం ఇంకొకటి. తేదీ చూసి, అదే ప్రకటన కంపెనీ సొంత వెబ్‌సైటులో ఇంకా ఉందో లేదో చూడండి. మరికొందరు కనబడిన ప్రతి తెలుగు పేరుకూ "సర్, రిఫరల్ ఇవ్వండి" అని ఒకే సందేశం పంపుతారు. దానివల్ల ఎవరికీ మేలు జరగదు. ఆ ఊళ్లో ఇంటి అద్దె గురించో, పనిలో జర్మన్ ఎంత వాడతారనో ఒక్క ప్రశ్న మర్యాదగా అడగండి, జవాబు వస్తుంది.

ఫలితం సరిగ్గా వచ్చిందా?

షీటును ఊళ్లవారీగా వరుసలో పెట్టండి. ప్రతి ఊరికీ మీరు ముందు ఎన్నడూ వినని కంపెనీలు కనీసం ఐదు ఉండాలి. లేకపోతే మూడో మెట్టులో పరిమాణం ఫిల్టర్ మరిచిపోయి ఉంటారు. చివరి గడిలో 'సరిచూశాను' అని లేని వరుసలను రంగు మార్చి పక్కన పెట్టండి. స్నేహితుడితో ఒక ఊరి పేరు అడిగించుకుని, అక్కడ ఏం తయారవుతుందో షీటు చూడకుండా చెప్పగలరేమో ప్రయత్నించండి. ఒకే రంగంలోని మూడు కంపెనీల పేర్లు చెప్పగలిగితే ఆ ఊరు చూసినట్లే.

ఇక విశ్వవిద్యాలయాల జాబితాను షీటు పక్కన పెట్టండి. మీరు ఎర్రక్షరాలతో రాసుకున్న కళాశాలలు ఎక్కువగా హోహ్‌షూలె అనే అనువర్తిత శాస్త్రాల సంస్థలే అయి ఉంటాయి. యేనాలో ఎర్న్‌స్ట్ అబే పేరుతోనే ఒకటి ఉంది. ఓబర్‌కోహెన్ పక్కనే ఆలెన్‌లో ఇంకొకటి. ఫుర్ట్‌వాంగెన్ సంస్థకు టుట్‌లింగెన్‌లో, హైల్‌బ్రోన్ సంస్థకు క్యూన్సెల్సావులో శాఖలు ఉన్నాయి. శీతాకాల సెమిస్టరుకు చాలాచోట్ల జులై 15 చివరి తేదీ, విదేశీ విద్యార్థులకు కొన్నిచోట్ల ఇంకా ముందే ముగుస్తుంది. షీటును జనవరిలో మొదలుపెడితే దరఖాస్తుల వేళకు చేతిలో ఉంటుంది.